నీటి మీద రాతలు

ఇంగ్లండ్‌లో నీటి సరఫరాను ప్రైవేటుకు అమ్మి మూడున్నర దశాబ్దాలు దాటింది. వెనక్కి తీసుకోమని జనం ముక్తకంఠంతో చెబుతున్నారు. నాయకులు వింటున్నారు, తలూపుతున్నారు, ఆపైన ధర చూసి వెనకడుగు వేస్తున్నారు.

పార్టీ అధినేత ఎవరైనా విలేకరుల కళ్లెదుటే నీళ్లలో పడితే ఆ ఫొటోలు బయటికి రాకుండా చూడటానికి అనుచరులు నానా తంటాలు పడతారు. 2024 మే 28న బ్రిటన్‌లో జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. సాధారణ ఎన్నికలు ప్రకటించి వారం కూడా నిండలేదు. లిబరల్ డెమోక్రాట్ల నాయకుడు ఎడ్ డేవీ ఇంగ్లండ్‌లోనే అతి పెద్దదైన విండర్‌మియర్ సరస్సులో ప్యాడిల్‌బోర్డు ఎక్కి, ఒకటికి రెండుసార్లు నీళ్లలో పడ్డారు. కెమెరాలు క్లిక్‌మన్నాయి. ఆయనకు కావలసిందీ అదే. నీటి కంపెనీలు నదుల్లోకి, సరస్సుల్లోకి మురుగు వదులుతున్నాయన్న సంగతి ఆ సాయంత్రం ప్రతి ఇంటి టీవీలోనూ చర్చకొచ్చింది. అయిదు వారాల తర్వాత ఓట్లు లెక్కిస్తే ఆయన పార్టీకి 72 సీట్లు దక్కాయి. శతాబ్ద కాలంలో ఆ పార్టీకి అన్ని సీట్లు రాలేదు.

సీట్లన్నీ మురుగు నీటి పుణ్యమేనని చెప్పలేం. కానీ నదులు పారే, పచ్చిక బయళ్లు పరుచుకున్న సంపన్న నియోజకవర్గాల్లో, అంటే తరతరాలుగా కన్జర్వేటివ్‌లకు పెట్టని కోటల్లాంటి చోట్ల ఈ నినాదం బాగా పనిచేసింది. అక్కడి ఓటర్లు సోషలిస్టులు కారు. ప్రైవేటు పెట్టుబడి అంటే వారికి గిట్టకపోవడమంటూ లేదు. అలాంటివారే నీటి కంపెనీల పేరెత్తితే మండిపడుతున్నారు. యూగవ్ సంస్థ 2024 జూలైలో నిర్వహించిన సర్వేలో నీటి సరఫరా ప్రభుత్వ రంగంలోనే ఉండాలన్నవారు 82 శాతం. ఏ విషయంలోనూ ఏకాభిప్రాయం కుదరని దేశంలో ఇది అరుదైన అంకె. మరి పదిమందిలో ఎనిమిదిమంది కోరుతున్నదాన్ని ఏ ప్రభుత్వమూ ఎందుకు చేయడం లేదు? బ్రిటన్ నాయకత్వంపై జనానికి నమ్మకం ఎందుకు సడలిందో తెలుసుకోవాలంటే ఈ ప్రశ్న నుంచి మొదలుపెట్టడం మంచిది.

అమ్మకానికి గోదావరి అంత నెట్‌వర్క్

నీటిని అమ్మకానికి పెట్టాలన్న ఆలోచన మార్గరెట్ థాచర్ ప్రభుత్వానిది. టెలిఫోన్లు అమ్మేశాక 1986లో నీటి వంతు వచ్చింది. జనంలో వ్యతిరేకత చూసి, 1987 ఎన్నికలు ముగిసేదాకా ఆమె కూడా ఆ ప్రతిపాదనను అటకెక్కించారు. గెలిచాక మళ్లీ దించారు. 1989 నాటి చట్టంతో ఇంగ్లండ్, వేల్స్‌లలోని 10 ప్రాంతీయ జల సంస్థలు కంపెనీలయ్యాయి. ఆ డిసెంబరులో వాటి షేర్లు మార్కెట్‌లోకి వచ్చాయి. సర్వేల్లో వద్దన్న జనమే షేర్ల కోసం ఎగబడ్డారు. ధర చౌకగా ఉండటమే కారణం. ప్రభుత్వం ఆ సంస్థలకున్న సుమారు 500 కోట్ల పౌండ్ల అప్పును మాఫీ చేసింది. పైగా పర్యావరణ పనుల కోసమంటూ దాదాపు 150 కోట్ల పౌండ్లు చేతిలో పెట్టి మరీ అత్తారింటికి సాగనంపింది. 'పచ్చ కట్నం' అని పత్రికలు దానికి పేరు పెట్టాయి.

అమ్మడానికి కారణాలు లేకపోలేదు. భూమిలో పాతిన గొట్టాల్లో చాలాభాగం విక్టోరియా రాణి కాలం నాటివి. యూరప్ నియమాల ప్రకారం నీటి నాణ్యత పెంచాలంటే కుప్పలుగా డబ్బు కావాలి. ప్రతి బడ్జెట్‌లోనూ ఆసుపత్రులు, బడుల ముందు మురుగు కాలువల పద్దు ఓడిపోయేది. ఆ రోజుల్లో బ్రిటన్‌ను 'యూరప్ మురికి మనిషి' అని ఎద్దేవా చేసేవారు. ప్రైవేటు పెట్టుబడి వస్తే ఆ బాధ తీరుతుందన్నది థాచర్ వర్గం వాదన.

అందులో కొంత నిజమైంది కూడా. ప్రైవేటీకరణ తర్వాత ఈ రంగంలో 20,000 కోట్ల పౌండ్లకు పైగా పెట్టుబడి పెట్టామని కంపెనీలు చెబుతాయి. కుళాయి నీటి నాణ్యత మెరుగుపడింది. 1990ల మధ్య నుంచి చూస్తే లీకేజీ మూడో వంతు దాకా తగ్గింది. కానీ ఆ డబ్బు అంతిమంగా వచ్చింది వినియోగదారుడి జేబు నుంచే. ద్రవ్యోల్బణాన్ని మినహాయించాక కూడా 2015 నాటికి సగటు ఇంటి బిల్లు 40 శాతం పెరిగిందని ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. బిల్లు కట్టలేని ఇళ్లకు నీళ్లు ఆపేయడం తొలి ఏళ్లలో మామూలైంది. 1991-92 ఒక్క ఏడాదే అలాంటి ఇళ్లు 20 వేలు దాటాయి. చివరికి 1999లో చట్టం చేసి ఆ పద్ధతిని నిషేధించాల్సి వచ్చింది. 1995 కరువులో యార్క్‌షైర్‌లో జలాశయాలు అడుగంటితే కంపెనీ రేయింబవళ్లు ట్యాంకర్లతో నీళ్లు తోలింది. వానకు పేరుబడ్డ దేశంలో రోడ్లపై నీళ్ల ట్యాంకర్ల వరస చూసి జనం విస్తుపోయారు.

అప్పు చేసి లాభాల కూడు

నీటి వ్యాపారానికో ప్రత్యేకత ఉంది. టెలిఫోన్ నచ్చకపోతే కంపెనీ మార్చుకోవచ్చు. ఇంటికి వచ్చే నీటి గొట్టం ఒకటే. గృహ వినియోగదారుడికి మరో దారి లేదు. పోటీ లేనిచోట ధర పెరగకుండా కాపలా కాయడానికి ఆఫ్‌వాట్ అనే నియంత్రణ సంస్థను పెట్టారు. అయిదేళ్లకోసారి కంపెనీలు ఎంత వసూలు చేయాలో, ఎంత ఖర్చు పెట్టాలో అది నిర్ణయిస్తుంది. బిల్లుల మీద కన్నేసిన కాపలాదారు కంపెనీల అప్పుల పద్దు మీద దృష్టి పెట్టలేదన్నది విమర్శకుల ప్రధాన ఆరోపణ.

ఏటా తప్పకుండా వచ్చే ఆదాయం, కదలకుండా ఉండే వినియోగదారులు. అప్పిచ్చేవారికి ఇంతకంటే ఏం కావాలి? అందుకే 2000 దశకంలో ఈ కంపెనీలు స్టాక్ మార్కెట్ నుంచి ఒక్కొక్కటే పెట్టుబడి నిధుల చేతుల్లోకి జారాయి. లండన్, థేమ్స్ లోయల్లో 1.6 కోట్ల మందికి సేవలందించే థేమ్స్ వాటర్ మొదట జర్మనీకి చెందిన ఆర్‌డబ్ల్యూఈ చేతికి, 2006లో ఆస్ట్రేలియా బ్యాంకు మక్వారీ నాయకత్వంలోని కూటమి చేతికి వెళ్లింది. 2017లో మక్వారీ పూర్తిగా తప్పుకునే నాటికి కంపెనీ అప్పు 1,000 కోట్ల పౌండ్లు దాటింది. తర్వాతి యజమానుల్లో కెనడా పెన్షన్ నిధి, చైనా, అబూధాబీల ప్రభుత్వ నిధులు ఉన్నాయి. అమ్మిననాడు అప్పన్నదే లేని రంగం మీద ఇప్పుడు 6,000 కోట్ల పౌండ్లకు పైగా రుణభారం ఉంది. ఇన్నేళ్లలో వాటాదార్లకు పంచిన డివిడెండ్లు, లెక్కించే పద్ధతిని బట్టి 5,000 కోట్ల నుంచి 7,800 కోట్ల పౌండ్ల దాకా ఉంటాయి. లాభాల్లో ఎంత భాగం నైపుణ్యం వల్ల వచ్చింది, ఎంత అప్పు తెచ్చి పంచింది అన్నదే అసలు వివాదం.

వడ్డీ రేట్లు తక్కువగా ఉన్నన్నాళ్లూ బండి నడిచింది. 2022 తర్వాత రేట్లు పెరగడంతో ఇరుసు విరిగింది. 2024 మార్చిలో థేమ్స్ వాటర్ వాటాదార్లు 50 కోట్ల పౌండ్ల కొత్త పెట్టుబడికి మొండిచేయి చూపారు. కంపెనీ దివాలా తీయకుండా 2025 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు 300 కోట్ల పౌండ్ల అత్యవసర రుణానికి అనుమతిచ్చింది. దాని వడ్డీ 9.75 శాతం. అదే ఏడాది మేలో ఆఫ్‌వాట్ ఆ కంపెనీకి 12.27 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. అందులో కొంత మురుగు నిర్వహణలో వైఫల్యానికి, కొంత నిబంధనలకు విరుద్ధంగా డివిడెండ్లు పంచినందుకు. జూన్‌లో అమెరికా పెట్టుబడి సంస్థ కేకేఆర్ కొనుగోలు ప్రయత్నం నుంచి తప్పుకుంది. అప్పులిచ్చినవారే కంపెనీని తీసుకుంటామని ముందుకొచ్చారు.

ముక్కు మూసుకున్న నదులు

అప్పుల లెక్కలు సామాన్యుడికి అర్థం కాకపోవచ్చు. మురుగు వాసనకు అనువాదం అక్కర్లేదు. బ్రిటన్ పాత పట్టణాల్లో వాన నీరు, మరుగుదొడ్ల నీరు ఒకే గొట్టంలో పారతాయి. కుండపోత వాన కురిసినప్పుడు మురుగు వెనక్కి తన్ని ఇళ్లలోకి రాకుండా, కొంత నదిలోకో సముద్రంలోకో వదిలే ఏర్పాటు ఉంటుంది. అది అసాధారణ పరిస్థితుల కోసం పెట్టింది. అసాధారణమే నిత్యకృత్యమైంది. అన్ని మురుగు తూముల దగ్గరా మీటర్లు పెట్టడం పూర్తయ్యాక, ఒక్క ఇంగ్లండ్‌లోనే 2023లో 36 లక్షల గంటలకు పైగా, 2024లోనూ దాదాపు అంతే సమయం మురుగు బయటికి పారినట్టు పర్యావరణ సంస్థ లెక్క తేల్చింది. తీవ్రమైన కాలుష్య ఘటనలు 2023లో 47 కాగా 2024లో 75కి చేరాయి.

అన్నీ వాన ఖాతాలో వేయడానికి వీల్లేదు. 2010-15 మధ్య దాదాపు 7 వేల సార్లు అక్రమంగా మురుగు వదిలినందుకు సదరన్ వాటర్‌కు 2021లో కోర్టు 9 కోట్ల పౌండ్ల జరిమానా విధించింది. 2024 మార్చిలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల పడవ పందెం ముందు, థేమ్స్ నీటిలో హానికర బ్యాక్టీరియా ఉందని, నదిలోకి దిగవద్దని పోటీదారులను హెచ్చరించారు. ఆ మేలో డెవన్‌లోని బ్రిక్స్‌హమ్ పట్టణ ప్రాంతంలో కుళాయి నీటిలో పరాన్నజీవి చేరి జనం జబ్బుపడ్డారు. దాదాపు 16 వేల ఇళ్లవారికి నీళ్లు కాచుకుని తాగమని చెప్పాల్సి వచ్చింది.

ప్రభుత్వంపై కోపానికి బీజం పడింది 2021 అక్టోబరులో. మురుగు వదలకుండా చూసే బాధ్యతను కంపెనీలపై చట్టపరంగా మోపాలంటూ ప్రభువుల సభ చేసిన సవరణను బోరిస్ జాన్సన్ ప్రభుత్వం దిగువ సభలో ఓడించింది. వ్యతిరేకంగా ఓటేసిన 265 మంది కన్జర్వేటివ్ ఎంపీల పేర్లు ఊరూరా మారుమోగాయి. గొట్టాలన్నీ మార్చాలంటే భరించలేనంత ఖర్చవుతుందని ప్రభుత్వం ఇచ్చిన వివరణ అబద్ధమేమీ కాదు. కానీ 'మీరు మురుగుకు ఓటేశారు' అన్న మూడు మాటల ముందు ఆ వివరణ నిలవలేదు. ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే కొంత దిగొచ్చింది. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఒకప్పుడు పంక్ రాక్ బృందం అండర్‌టోన్స్‌లో పాటలు పాడిన ఫియర్గల్ షార్కీ నదుల తరఫున గొంతెత్తి, సగం మంది మంత్రుల కంటే ఎక్కువ పలుకుబడి సంపాదించారు.

ఇచ్చిన మాట, మింగిన మాట

ఓటరు చేతిలో మిగిలింది ఒకే ఆయుధం. కంపెనీని మార్చలేడు కాబట్టి ప్రభుత్వాన్ని మార్చాడు. 2024 జూలైలో లేబర్ పార్టీ 400కు పైగా సీట్లతో గెలిచింది. అయితే వచ్చిన ఓట్లు 34 శాతానికి లోపే. కొత్త ప్రధాని కీర్ స్టార్మర్ 2020లో పార్టీ నాయకత్వానికి పోటీ చేసినప్పుడు రైలు, తపాలా, విద్యుత్తుతో పాటు నీటిని కూడా ఉమ్మడి యాజమాన్యంలోకి తెస్తామన్న విధానాన్ని బలపరిచారు. జెరెమీ కోర్బిన్ 2017, 2019 ఎన్నికల్లో ఇచ్చిన హామీ కూడా అదే. అధికారం దగ్గరపడే కొద్దీ స్టార్మర్ జాబితాలోంచి నీళ్లు జారిపోయాయి.

గద్దెనెక్కాక ఆయన ప్రభుత్వం రైళ్లను జాతీయం చేసే చట్టాన్ని 2024లోనే తెచ్చింది. నీటి జోలికి పోలేదు. దీనికి సిద్ధాంతం కంటే లెక్కల పుస్తకమే ఎక్కువ కారణం. రైళ్లు నడిపే కంపెనీలకు ఉన్నవి కాంట్రాక్టులు మాత్రమే. గడువు ముగిస్తే పైసా చెల్లించకుండా వెనక్కి తీసుకోవచ్చు. నీటి కంపెనీలకు 1989లో జలాశయాలు, గొట్టాలు, భూములతో సహా సర్వం అమ్మేశారు. వాటి లైసెన్సు రద్దు చేయాలంటే మామూలుగా 25 ఏళ్ల ముందు నోటీసు ఇవ్వాలి. తిరిగి కొనాలంటే 10,000 కోట్ల పౌండ్లవుతుందని ప్రభుత్వం అంటోంది. పీకల్లోతు అప్పుల్లో ఉన్న కంపెనీలకు అంత విలువ ఎక్కడిదని జాతీయీకరణవాదుల ఎదురు ప్రశ్న. కంపెనీ చేతులెత్తేస్తే కోర్టు ద్వారా తాత్కాలికంగా స్వాధీనం చేసుకునే ప్రత్యేక నిబంధన చట్టంలోనే ఉందని వారు గుర్తుచేస్తున్నారు. అలా చేస్తే మిగతా మౌలిక రంగాల్లోనూ పెట్టుబడిదారులు బెదిరిపోతారన్నది ఆర్థిక శాఖ భయం.

మధ్యేమార్గంగా 2025 ఫిబ్రవరిలో కొత్త చట్టం వచ్చింది. తప్పు చేసిన కంపెనీల అధిపతులకు బోనస్‌లు ఆపేసే అధికారం అందులో ఉంది. జూన్‌లో ఆరు కంపెనీలపై ఆ వేటు పడింది కూడా. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మాజీ డిప్యూటీ గవర్నర్ జాన్ కన్లిఫ్ నాయకత్వంలోని కమిషన్ జూలైలో 88 సిఫార్సులు చేసింది. ఆఫ్‌వాట్‌ను రద్దుచేసి కొత్త నియంత్రణ సంస్థను పెడతామని ప్రభుత్వం అదే రోజు ప్రకటించింది. జాతీయీకరణ అంశాన్ని మాత్రం కమిషన్ పరిశీలనలోకే రానివ్వలేదు. 82 శాతం మంది అడిగిన ప్రశ్నను ప్రశ్నపత్రం నుంచే తీసేశారన్నమాట.

ఈలోగా బిల్లు ఆగలేదు. 2030 వరకు కంపెనీలు 10,400 కోట్ల పౌండ్లు ఖర్చు చేసేందుకు 2024 డిసెంబరులో అనుమతి లభించింది. 2025 ఏప్రిల్‌లో సగటు ఇంటి బిల్లు ఏడాదికి 123 పౌండ్లు పెరిగి 603 పౌండ్లకు చేరింది. పాత యజమానులు లాభాలతో వెళ్లిపోగా గొట్టాల మరమ్మతు ఖర్చు తమ నెత్తిన పడిందన్నది జనం మాట. 2025 సెప్టెంబరులో ఇప్సోస్ సర్వేలో స్టార్మర్ పనితీరుపై సంతృప్తి చెందినవారు 13 శాతం, అసంతృప్తి చెందినవారు 79 శాతం. 1977 నుంచి ఆ సంస్థ లెక్కల్లో ఏ ప్రధానికీ ఇంత చేదు ఫలితం రాలేదు. 1994లో జాన్ మేజర్, 2024లో రిషి సునాక్ కూడా ఇంతకంటే మెరుగ్గానే ఉన్నారు.

ఈ పతనానికి నీళ్లే కారణమంటే అతిశయోక్తి. ధరలు, పన్నులు, వలసలు, వృద్ధుల చలికాలపు భత్యంలో కోత, ఇలా చిట్టా పెద్దదే. ఎన్నికల వేళ ముఖ్యమైన సమస్య ఏమిటని అడిగితే బ్రిటన్ ఓటరు ఆసుపత్రి పేరో ఆర్థిక స్థితి పేరో చెబుతాడు, నీటి పేరు చెప్పడు. ప్రభుత్వాలకు కలిసొచ్చిందీ అదే. చాలామంది కోరే విషయం వేరు, దాని కోసమే ఓటు మార్చే విషయం వేరు. కానీ నీళ్లు ఇప్పుడొక కొలమానం అయ్యాయి. కళ్లెదుట పారే కాలువను బాగుచేయలేని ప్రభుత్వం కంటికి కనిపించనివి ఏం బాగుచేస్తుందన్న అనుమానం అక్కడ పుడుతోంది. ఆ అనుమానం మీద పంట పండించుకోవడానికి ఇతరులు సిద్ధంగానే ఉన్నారు. నీటిని జాతీయం చేయాలని గ్రీన్ పార్టీ కోరడంలో వింత లేదు. మితవాద రిఫార్మ్ పార్టీ కూడా 2024లో ఇలాంటి సంస్థల్లో సగం వాటా ప్రభుత్వానికి, సగం పెన్షన్ నిధులకు ఉండాలంది.

పొరుగింటి పుల్లకూర

ప్రభుత్వ యాజమాన్యం వస్తే అన్నీ చక్కబడతాయా? జవాబు బ్రిటన్‌లోనే ఉంది. 1994లో స్కాట్లండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ ప్రాంతం తపాలా ఓటింగ్ నిర్వహిస్తే 97 శాతం మంది ప్రైవేటీకరణను తిరస్కరించారు. లండన్ ప్రభుత్వం తోకముడిచింది. స్కాటిష్ వాటర్ నేటికీ ప్రభుత్వానిదే. దానికి డివిడెండ్ల బెడద లేదు. కానీ మురుగు తూములపై నిఘా పెట్టడంలో ఇంగ్లండ్ కంటే చాలా వెనకబడింది. వేల్స్‌లో 2001 నుంచి నీటిని సరఫరా చేస్తున్నది వాటాదార్లే లేని లాభాపేక్షరహిత సంస్థ. లీకేజీ లెక్కలు తప్పుగా చూపినందుకు 2024లో అది దాదాపు 4 కోట్ల పౌండ్లు వదులుకోవాల్సి వచ్చింది. యజమాని మారినంత మాత్రాన గొట్టం మారదు. అయితే బాగుచేయడానికి కట్టిన డబ్బు ఎక్కడికి పోతోందన్న అనుమానం మాత్రం తగ్గుతుంది.

ఈ కథ మనకు మరీ పరాయిది కాదు. లండన్, రెడింగ్, స్లౌలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు థేమ్స్ వాటర్ బిల్లులు కడుతున్నాయి. కామన్‌వెల్త్ పౌరులుగా అక్కడ ఓటు కూడా వేస్తున్నాయి. ఇంగ్లండ్ జల సంస్థలు కంపెనీలుగా మారిన 1989లోనే, రెండు నెలల తేడాతో, నవంబరు 1న హైదరాబాద్ మహానగర జలమండలి ప్రభుత్వ సంస్థగా ఏర్పడింది. 1990ల చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రపంచ బ్యాంకుతో పాటు బ్రిటన్ సహాయ విభాగం డీఎఫ్‌ఐడీ అండతో విద్యుత్ సంస్కరణలు సాగాయి. చార్జీల పెంపుపై ఆందోళన 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులకు దారితీసింది. దాని నీడ 2004 ఎన్నికల దాకా వెంటాడింది. ఢిల్లీలో నీటి నిర్వహణను కంపెనీలకు అప్పగించే ప్రపంచ బ్యాంకు ప్రతిపాదన, సమాచార హక్కు కింద ఫైళ్లు బయటపడటంతో 2005లో మూలనపడింది. నాగపూర్‌లో మాత్రం 2012 నుంచి ఫ్రెంచి కంపెనీ భాగస్వామ్యంతో ప్రయోగం నడిచింది. హైదరాబాద్‌లో 2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం మొదలైంది. ఇక్కడ నాయకులకు బిల్లు పెంచడమంటే భయం, అక్కడ కంపెనీలకు ఆ భయం లేదు. రెండు చోట్లా గొట్టాల మరమ్మతు మాత్రం వాయిదా పడుతూనే వచ్చింది.

బ్రిటన్ అనుభవం చెప్పే పాఠం ప్రైవేటు చెడ్డది, ప్రభుత్వం మంచిది అన్నంత తేలికైనది కాదు. ఒకసారి అమ్మాక తిరిగి కొనడం అమ్మినంత సులువు కాదన్నది మొదటి పాఠం. 760 కోట్ల పౌండ్లకు అమ్మినదాని విలువను ఇప్పుడు 10,000 కోట్లంటున్నారు. కాపలాదారు కన్ను ఒక్క ధర మీదే ఉంటే ఇల్లు గుల్లవుతుందన్నది రెండోది. మూడోది నాయకులకు సంబంధించింది. జనం అభిప్రాయాన్ని కాదనే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది, కారణం నిజాయితీగా చెబితే. ఎన్నికలకు ముందు సరేనని, తర్వాత ఖజానా చూపించి, చివరికి ప్రశ్నే అడగొద్దంటే జనం నీళ్ల కంపెనీని నమ్మనట్టే ప్రభుత్వాన్నీ నమ్మడం మానేస్తారు. నీటి బిల్లు ఏడాదికోసారి పెరుగుతుంది. నమ్మకం తరగడానికి అంత వ్యవధి కూడా అక్కర్లేదు.